ఎక్సెప్షన్ అంటే మినహాయింపా?

సిల్క్‌బోర్డు సిగ్నల్:
అందరికీ నమస్కారం. ఈసారి పద్యం కాదు, ఆఫీసు గొడవ. మా ఆఫీసు బెంగళూరులో, గోడౌను హిందూపురంలో. బిల్లులు పాస్ చేసే పనంతా ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌కి అప్పజెప్పారు. గోడౌన్లో సరుకు దించుకునేవాళ్ళు, ఎంట్రీలు వేసేవాళ్ళు తెలుగు చదువుతారు కాబట్టి తెర మీద మాటలు తెలుగులో ఉండాలన్నారు. మంచి మాటే. సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్ళే తెలుగు చేసి పంపారు. రూలు ప్రకారం నడవక ఆగిపోయినదాన్ని ఇంగ్లీషులో ఎక్సెప్షన్ అంటారు. ఆ మాట ఉన్న చోటల్లా ‘మినహాయింపు’ అని వేశారు.

దాంతో ఏమైందో చూడండి. అట్టపెట్టెలు సప్లై చేసే ఆయన బిల్లు ఒకటి వచ్చింది. మేం ఆర్డరిచ్చింది 500 పెట్టెలకి. గోడౌన్లో దిగినట్టు రాసుకున్నది 480. బిల్లు మాత్రం 500కి. ఆర్డరు, సరుకు ముట్టిన రసీదు, బిల్లు మూడూ టాలీ అయితేనే డబ్బు కదలాలన్నది రూలు. టాలీ కాలేదు గనక సాఫ్ట్‌వేర్ ఆ బిల్లుని పక్కన పెట్టి, గోడౌన్ గుమాస్తా తెర మీద ‘మినహాయింపు: 1’ అని చూపించింది. ఆయన దాన్ని ఎలా చదువుకున్నాడంటే, ఈ బిల్లుకి తనిఖీ నుంచి మినహాయింపు ఇచ్చేశారు, మనం చూడక్కర్లేదు అని! ఆయన్ని ఏమనగలం? ఫీజు మినహాయింపు, పన్ను మినహాయింపు, ఎలక్షన్ డ్యూటీ నుంచి మినహాయింపు... తెలుగులో ఆ మాట చెవిన పడితే ఎవరికైనా ప్రాణం హాయిగా ఉంటుంది. సప్లయర్ ఫోన్ చేసి కేకలేసేదాకా ఆ బిల్లు అక్కడే పడుంది.

డిక్షనరీ తీస్తే ‘అపవాదం’ కనబడింది. వ్యాకరణంలో సరైన మాటే, సామాన్య సూత్రానికి అడ్డొచ్చే ప్రత్యేక సూత్రం. కానీ తెర మీద అది వేస్తే సప్లయర్ మీద అపవాదు వేసినట్టుంటుంది. మీరేమంటారు? పనిలో పనిగా మాన్యువల్ అట్ట మీద ‘వ్యాపార ప్రక్రియ స్వయంచాలనం’ అని ఉంది, బిజినెస్ ప్రాసెస్ ఆటోమేషన్‌కి తెలుగట, దాని సంగతి కూడా తేల్చండి.

కేఆర్‌పురం కుర్రాడు:
సిగ్నల్ గారూ, నేను ఈ ఫీల్డులోనే ఉన్నాను. మా టీమ్‌లో సగం మంది తెలుగువాళ్ళే, ఒక్కరు కూడా స్వయంచాలనం అనగా వినలేదు. ఆటోమేషన్, వర్క్‌ఫ్లో, బాట్, పని మొదలుపెట్టించే ట్రిగ్గర్... ఇవన్నీ అలాగే తెలుగు లిపిలో రాసేయండి. టెన్షన్ ఉండదు.

మైలాపూర్ అత్తయ్య:
బాబూ, మీ టీమ్‌లో అందరూ ఇంజనీర్లు. హిందూపురంలో సరుకు దించుకునే ఆయనకి ట్రిగ్గర్ అంటే తుపాకీయే గుర్తొస్తుంది.

అయితే ఆ అట్ట మీది పేరు నాకూ నచ్చలేదు. ప్రక్రియ అనగానే మనబోటివాళ్ళకి కథ, నవల, నాటిక గుర్తొస్తాయి. వ్యాపారం అంటే కొనడం, అమ్మడం. ఆసుపత్రిలో పేషెంటుని చేర్చుకోవడం, కాలేజీలో సెలవు చీటీ మంజూరు చేయడం కూడా ఈ లెక్కలోకే వస్తాయి కదా, వాటిలో వ్యాపారమేముంది? ఇక్కడ మద్రాసులో ఆటోమేటిక్ దేన్నయినా హాయిగా ‘తానియంగి’ అనేస్తారు. తానుగా నడిచేది, అంతే. కన్నడంలో స్వయంచాలిత అంటారు, అది మన పత్రికల భాష లాంటిదే. మనకి ‘దానంతటదే’ అనే చక్కని మాట నోట్లో నానుతూ ఉండగా వేరే మాట ఎందుకు వెతుక్కోవాలి?

సిల్క్‌బోర్డు సిగ్నల్:
అత్తయ్యగారూ, ‘దానంతటదే’ నాకూ ఇష్టమే. చిక్కల్లా అది పేరుగా నిలబడకపోవడంలో ఉంది. ‘బిల్లు దానంతటదే పాసవుతుంది’ అని చెప్పగలం, ఆ పనిని నేర్పే శాఖకి బోర్డు రాయలేం. యాంత్రీకరణ అందామా అంటే దాన్ని ట్రాక్టర్లు, వరికోత మిషన్లు ఎప్పుడో తీసేసుకున్నాయి. పైగా ‘యాంత్రికంగా చేశాడు’ అంటే మనసు పెట్టకుండా చేశాడనే తిట్టు. అందుకని పేరు దగ్గర ఆటోమేషన్‌నే ఉంచి, తెర మీది వాక్యాల్లో దానంతటదే వాడదామని నా ఉద్దేశం. వర్క్‌ఫ్లోకి ‘పనివరస’ రాశాను. గోడౌన్లో అడిగితే వెంటనే అర్థమైంది.

బిడది మామ:
ఆటోమేషన్ అనే మాట పుట్టింది ఆఫీసుల్లో కాదు, ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీలో. డెల్మార్ హార్డర్ అనే ఆయన 1940ల్లో దాన్ని వాడుకలోకి తెచ్చాడు. 1947లో ఫోర్డ్ కంపెనీ ఆ పేరుతో ఒక విభాగమే పెట్టింది. ఆయన ఉద్దేశంలో ఆటోమేషన్ అంటే ఒక మిషను మీద పనైన భాగం మనిషి చెయ్యి పడకుండా పక్క మిషనుకి అందడం. అంటే చేతులు మారే చోటు గురించిన మాట అది. ఆఫీసులో కూడా అంతే కదా. బిల్లు చూడటానికి పట్టేది రెండు నిమిషాలు. ఒక టేబుల్ మీంచి ఇంకో టేబుల్ మీదికి వెళ్ళడానికి వారం.

మాది బిడది వైపు. అక్కడ టొయోటా ఫ్యాక్టరీ ఉండటం వల్ల జపాన్ మాటలు కొన్ని చెవిన పడుతుంటాయి. మీ ఎక్సెప్షన్‌కి పనికొచ్చే సంగతి ఒకటి చెప్తాను. ఆటోమేషన్‌ని జపాన్‌లో ‘జిదోకా’ అంటారు. టొయోటావాళ్ళూ అలాగే పలుకుతారు గానీ రాయడం వేరుగా రాస్తారు. మామూలుగా రాసేటప్పుడు మధ్య అక్షరానికి కదలడం అని అర్థం. దాని ఎడమ పక్క మనిషి గుర్తు చేరిస్తే అది పని చేయడం అనే అక్షరం అవుతుంది. టొయోటావాళ్ళు రాసేది ఆ మనిషి గుర్తు ఉన్న అక్షరమే. వట్టినే కదిలేది వేరు, పని చేసేది వేరు అని.

ఇది మగ్గాల దగ్గర మొదలైంది. సకిచి టొయోడా 1924లో తెచ్చిన జి రకం ఆటోమేటిక్ మరమగ్గంలో పడుగు పోగు తెగితే మగ్గం వెంటనే ఆగిపోతుంది. నేతపని తెలిసినవాళ్ళకి దీని విలువ తెలుస్తుంది. పోగు తెగిన సంగతి చూసుకోకుండా మగ్గం నడుస్తూ పోతే గుడ్డంతా పాడు. దానంతటదే ఆగే మగ్గమైతే కాపలా కాయనక్కర్లేదు, ఒక్కరే చాలా మగ్గాలు చూసుకోవచ్చు. ఆగడం మగ్గం వంతు, పోగు ముడెయ్యడం మనిషి వంతు. మీ బిల్లు ఆగిందంటే సాఫ్ట్‌వేర్ సరిగ్గానే పని చేసింది సిగ్నల్ గారూ. మనిషిని పిలవడానికి వాడిన మాటే తప్పు.

పద్దుల వదిన:
నేను పాతికేళ్ళుగా అకౌంట్సులో ఉన్నాను. మాకు ఈ బిల్లులకి పేరెప్పుడో ఉంది. పేచీ బిల్లులు! టాలీ అయినవి ఒక క్లిప్పుకి, పేచీవి ఇంకో క్లిప్పుకి. ‘ఈ నెల పేచీలెన్ని?’ అని మా మేనేజర్ అడిగేవాడు. ఇందులో పెద్ద ఆలోచన ఏముంది?

సిల్క్‌బోర్డు సిగ్నల్:
వదినా, దణ్ణం! పేచీ అని చదివినవాడు ఊరుకోడు. ఎవరితో పేచీ, ఎందుకు పేచీ అని లోపలికి వెళ్ళి చూస్తాడు. మినహాయింపు ‘నువ్వు వెళ్ళొచ్చు’ అంటుంది, పేచీ ‘ఇటు రా’ అంటుంది. నాకు కావలసింది ఇదే.

కేఆర్‌పురం కుర్రాడు:
పేచీ సూపర్ వదినా. కానీ ఒక తిరకాసుంది. మా దగ్గర ఎక్సెప్షన్లు రెండు రకాలు. 500కి 480 దిగడం బిజినెస్ ఎక్సెప్షన్. అక్కడ సాఫ్ట్‌వేర్ బాగానే ఉంది, లెక్కే కుదరలేదు. పదిసార్లు మళ్ళీ నడిపినా అదే జవాబొస్తుంది, మనిషి తేల్చాల్సిందే. రెండోది సిస్టమ్ ఎక్సెప్షన్. సర్వర్ పడిపోయింది, నెట్ పోయింది, పేజీ తెరుచుకోలేదు. ఇక్కడ లెక్కలో గొడవేమీ లేదు, కాసేపాగి మళ్ళీ ప్రయత్నిస్తే పనైపోతుంది. బాట్లు రాసేవాళ్ళకి మొదట నేర్పేదే ఇది, ఏ రకానికి మళ్ళీ ప్రయత్నించాలి, ఏ రకానికి ఆగి మనిషిని పిలవాలి అని. రెంటినీ పేచీ అంటే గోడౌన్ ఆయన నెట్ పోయినప్పుడు కూడా పెట్టెలు లెక్కపెడతాడు.

పద్దుల వదిన:
దానికీ మాటుంది నాయనా. కంప్యూటర్ మొరాయించింది అంటాం కదా! మొదటిది పేచీ, రెండోది మొరాయింపు.

బిడది మామ:
సెబాసో! ఇంగ్లీషులో ఒకే మాటకి ముందు విశేషణాలు తగిలించుకోవాలి. మనకి రెండు వేర్వేరు మాటలు దొరికాయి.

సిల్క్‌బోర్డు సిగ్నల్:
ఇంకో తమాషా చూడండి. మినహాయింపుకి కూడా ఈ సాఫ్ట్‌వేర్‌లో అసలైన చోటు ఒకటుంది. తేడా 200 రూపాయల లోపుంటే మేనేజర్ ఆమోదం అక్కర్లేదని మా రూలు. అదీ మినహాయింపంటే! అక్కడ మాత్రం తెలుగు చేసినవాళ్ళు ‘సహనం’ అని వేశారు. టాలరెన్స్ కదా మరి. ‘సహనం: 200 రూపాయలు’ అని చదివి మా మేనేజర్ నవ్వు ఆపుకోలేకపోయాడు.

కుర్రాడూ, బాట్ అంటే ఏం రాయాలో కూడా చెప్పు. మాన్యువల్‌లో ‘మరమనిషి’ అని ఉంది. గోడౌన్లో ఒకాయన అది ఎప్పుడొస్తుందని అడిగాడట, చూడటానికి పిల్లల్ని తీసుకొస్తానని.

కేఆర్‌పురం కుర్రాడు:
హహ, అందుకే బాట్ అని ఉంచమంటున్నాను. అక్కడ బొమ్మా లేదు, చేతులూ లేవు. మన లాగిన్‌తో తెర తెరిచి, మనం నొక్కే బటన్లు నొక్కి, మనం టైప్ చేసే గడుల్లో టైప్ చేసే ప్రోగ్రామ్ అది. బలహీనత కూడా అక్కడే ఉంది. వెబ్‌సైట్‌లో బటన్ పేరో చోటో మారిస్తే దానికి దారి తెలియదు. వెనక నుంచి సిస్టమ్‌కి సిస్టమ్ మాట్లాడుకునే ఏర్పాటుంటే ఈ బాధ తక్కువ, లేని పాత సాఫ్ట్‌వేర్ల కోసమే బాట్లని తిప్పేది. వాటిలో రెండు జాతులు. మనం పక్కన కూర్చుని పిలిస్తే వచ్చి పని చేసేది ‘తోడు బాట్’, అర్ధరాత్రి సర్వర్ మీద ఎవరూ లేకుండా చేసుకుపోయేది ‘ఒంటరి బాట్’. ఈ పేర్లు ఇప్పుడే పెట్టాను, బాగోకపోతే తిట్టండి.

మైలాపూర్ అత్తయ్య:
ఒంటరి అంటే జాలేస్తోంది. రాత్రి బాట్ అనరాదూ?

కేఆర్‌పురం కుర్రాడు:
పగలు కూడా నడుస్తుంది అత్తయ్యా :) మరి మనుషుల్ని, బాట్లని, రెండు మూడు సాఫ్ట్‌వేర్లని కలిపి ఎవరి తర్వాత ఎవరో నడిపించడాన్ని ఆర్కెస్ట్రేషన్ అంటాం. దీనికి మాత్రం నా దగ్గర ఏమీ లేదు.

మైలాపూర్ అత్తయ్య:
నట్టువాంగం! తాను అడుగు వెయ్యదు, తాళాలతో అందరి అడుగూ నడిపిస్తుంది. తెర మీద వెయ్యమనను గానీ క్లాసులో చెప్పి చూడు, కూచిపూడి చూసినవాళ్ళు మర్చిపోరు.

బ్యాంకు బాబాయ్:
ఆలస్యంగా వచ్చాను. పనివరసని బొమ్మగా గీసే పద్ధతి గురించి ఎవరూ ఎత్తలేదేం? బీపీఎంఎన్ (బిజినెస్ ప్రాసెస్ మోడల్ అండ్ నొటేషన్) అని 2004లో వచ్చింది. ఇప్పుడు వాడేది 2011 నాటి రెండో రూపం, 2013లో అంతర్జాతీయ ప్రమాణం కూడా అయింది. సున్నా గీస్తే ఏదో జరిగిందని, పెట్టె గీస్తే పని అని, డైమండ్ గీస్తే దారి చీలిందని అర్థం. ఆ డైమండ్‌ని గేట్‌వే అంటారు. మా బ్యాంకులో తెలుగు నోట్సులో ‘సింహద్వారం’ అని రాసిన మహానుభావుడున్నాడు. ‘కూడలి’ అనడం మేలు. దారులు విడిపోయేది కూడలిలోనే, కలిసేదీ కూడలిలోనే. ఆ గుర్తుని రెంటికీ వాడతారు.

ఇంకొకటి, మేకర్, చెకర్. బ్యాంకుల్లో ఎంట్రీ వేసినవారే దాన్ని పాస్ చేయకూడదు. ‘రాసినవారు’, ‘చూసినవారు’ అని రెండు గడులు పెట్టండి, తగాదా ఉండదు. సృష్టికర్త, పరిశీలకుడు లాంటివి వద్దు దయచేసి. బిల్లుకి సృష్టికర్త ఏమిటి!

సిల్క్‌బోర్డు సిగ్నల్:
సృష్టికర్త ఆల్రెడీ ఉన్నాడు బాబాయ్, రేపే తీయిస్తాను. గడువు దాటితే పై అధికారికి వెళ్ళేదాన్ని, అంటే ఎస్కలేషన్‌ని, ‘తీవ్రతరం’ అన్నారు, జ్వరం ముదిరినట్టు. ‘పైకి పంపబడింది’ అని రాద్దామంటే, అదింకా భయంగా ఉంది.

పద్దుల వదిన:
అయ్యో, మనిషిని పైకి పంపినట్టుంది! ‘మేనేజర్ దగ్గరికి వెళ్ళింది’ అని రాయి. ఎవరి దగ్గరికి వెళ్ళిందో తెలిస్తే చాలదూ?

బ్యాంకు బాబాయ్:
ఆడిట్ ట్రెయిల్‌కి ఏం పెట్టారు?

సిల్క్‌బోర్డు సిగ్నల్:
‘తనిఖీ కాలిబాట’. తెలుసు, తెలుసు. ‘జాడ’ అనుకుంటున్నాను. జాడ నొక్కితే ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో వరసగా కనబడుతుంది.

బ్యాంకు బాబాయ్:
జాడ భేషుగ్గా ఉంది. ఆడిటర్లు కూడా ఒప్పుకుంటారు.

పద్దుల వదిన:
ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు సిగ్నల్. ‘పేచీ: 1’ అని ఊరికే అంకె వేస్తే ఎవరికి వారు అది పక్కవాళ్ళది అనుకుంటారు. ‘20 పెట్టెలు తక్కువ. గోడౌన్ జవాబు చెప్పాలి’ అని అక్కడే వెయ్యమను. తేడా ఎంతో, జవాబెవరిదో ఆ ఒక్క ముక్కలో తెలిసిపోవాలి.

సిల్క్‌బోర్డు సిగ్నల్:
అదే పంపుతున్నాను వదినా. ఆ గడిలో 40 అక్షరాలకి మించి పట్టవట, గుణింతాలు కూడా లెక్కేనట. ఎవరైనా ఇంకా కుదించగలిగితే సోమవారం లోపు చెప్పండి.