‘ప్రత్యామ్నాయం’ అనే మాట మూడింటికీ సరిపోతుందా?

ప్రశ్న: నల్లగొండలో ఇంటర్ విద్యార్థులకు జంతుశాస్త్రం బోధిస్తున్నాను. ఒక పాఠానికి ‘జంతు పరీక్షలకు ప్రత్యామ్నాయాలు’ అని శీర్షిక పెడితే, మునుగోడు వైపు నుంచి వచ్చే ఒక విద్యార్థి ‘అంటే బర్రెకు చూడి పరీక్ష చేయడమా సార్?’ అని అడిగాడు. శీర్షికను ఎలా సవరించాలి?

సమాధానం: ఆ విద్యార్థి సమాసాన్ని సరిగ్గానే విడదీశాడు. షష్ఠీ తత్పురుషంగా చూస్తే ‘జంతు పరీక్ష’ పశువుల డాక్టరు చేసేదే. ‘జంతువులపై ప్రయోగాలు’ అంటే ఆ చిక్కు తీరుతుంది.

అంతకంటే పెద్ద చిక్కు ‘ప్రత్యామ్నాయం’తో ఉంది. విధించిన ప్రాయశ్చిత్తం చేయలేనివారు దానికి బదులు గోదానం చేయవచ్చునని ధర్మశాస్త్రమే అనుమతించినప్పుడు ఆ గోదానాన్ని ప్రత్యామ్నాయం అన్నారు. ఎవరికి తోచిన బదులు వారు పెట్టుకుంటే చెల్లదు, విధించిన శాస్త్రమే ఒప్పుకోవాలి. మందుల పరిశోధనకు ఈ అర్థం ఆశ్చర్యంగా అతుకుతుంది: మనిషి ఊపిరితిత్తుల కణాలను చిన్న చిప్‌లో పెంచి, శ్వాసకు సాగినట్టు సాగదీసి 2010లోనే చూపించారు గాని, జంతువులకు బదులుగా అటువంటి పద్ధతులకు మన దేశపు కొత్త మందుల నియమాలు స్పష్టంగా చోటిచ్చింది 2023 సవరణతోనే.

ఇక జంతువులపై ప్రయోగాలు మానవీయంగా సాగాలని 1959లో శాస్త్రవేత్తలు రసెల్, బర్చ్ చెప్పిన సూత్రాలు మూడు. రసాయనం కంటికి హాని చేస్తుందా అని చూడటానికి దాన్ని కుందేలు కంటిలో వేయడం మాని, ప్రయోగశాలలో పెంచిన మనిషి కార్నియా పొరపై వేస్తే అది ప్రత్యామ్నాయం. ఆరు కుందేళ్లతో చేసేది మూడింటితో ముగిస్తే అది తగ్గింపు. కంటికి ముందుగా మత్తుమందు చుక్కలు వేస్తే మూడవది. ఇంగ్లిషులో ‘రిఫైన్‌మెంట్’ అనే దీన్ని ‘మెరుగుదల’ అని అనువదిస్తున్నారు. మెరుగైనది ప్రయోగమేనని చదువరి అనుకుంటాడు, కుందేలు సంగతి కనబడదు. ‘బాధానివారణ’ అనాలని నా అభిప్రాయం. ఇంగ్లిషులో మూడింటినీ కలిపి ‘ఆల్టర్నేటివ్స్’ అని ఒకే మాటతో పిలవడం వాడుక. తెలుగులో ఆ పని ప్రత్యామ్నాయం చేయలేదు, ఎందుకంటే చివరి రెండింటిలోనూ కుందేలు బోనులోనే ఉంటుంది.

మరొక సభ్యుడు: మొదటిదానికి ‘బదులు’ చాలదా? మా పాలమూరులో ఆ మాట వింటే చేబదులే ముందుగా గుర్తుకొస్తుందనుకోండి.

సమాధానం: చేబదులు తిరిగి ఇవ్వవలసినది కనుక నేను ‘ప్రత్యామ్నాయం’నే ఉంచుతాను. శీర్షిక ‘జంతువులపై ప్రయోగాలు: ప్రత్యామ్నాయం, తగ్గింపు, బాధానివారణ’ అని పెట్టండి.