పాత గాలిమరను తిప్పుతూ కాపాడాలా, కదపకుండా ఉంచాలా?

ప్రశ్న: ఇంగ్లండు పల్లెల్లోని పాత పిండి గాలిమరల్లో కొన్నింటిని నేటికీ గాలికి తిప్పుతున్నారు, కొన్నింటిని ఆపి ఉంచారు. కుళ్లిన కలపను మార్చి మళ్లీ తిప్పితే ఆ మర పాతదే అనిపించుకుంటుందా?

మొదటి అభిప్రాయం: అనిపించుకోదు. 1877లో విలియం మోరిస్ తదితరులు స్థాపించిన ప్రాచీన కట్టడాల పరిరక్షణ సంఘం, పునరుద్ధరణ పేరుతో పాతదాన్ని చెరిపేయడాన్నే తప్పుపట్టింది. బకింగ్‌హామ్‌షైర్‌లోని పిట్‌స్టన్ మర చట్రం మీద 1627 అనే అంకె చెక్కి ఉంది. అలాంటి దూలాన్ని తీసేస్తే ఆ కాలపు వడ్రంగి చేతిపని మనకు మళ్లీ ఎక్కడ దొరుకుతుంది?

రెండో అభిప్రాయం: ఆ దూలాన్ని తీయమని నేనూ అనను. అయితే ఆ సంఘమే తర్వాతి కాలంలో మరల కోసం ప్రత్యేక విభాగాన్ని పెట్టిందంటే, ఇల్లు వేరు, యంత్రం వేరు అని గుర్తించినట్టే కదా. పిట్‌స్టన్ వంటి మరలో ఒకే నిలువు స్తంభం మీద చెక్క ఇల్లంతా నిలబడి ఉంటుంది. వెనుక ఉన్న పొడవాటి దూలాన్ని పట్టి నెట్టి, రెక్కలు గాలికి ఎదురుగా ఉండేలా ఇంటిని తిప్పుతారు. ఎప్పుడూ ఒకే దిక్కుకు చూస్తూ నిలిచిపోయిన మరకు పెనుగాలి వెనుక నుంచి వీస్తే, రెక్కలు ఊడిపోవచ్చు, ఒక్కోసారి మర మొత్తమే ఒరిగిపోవచ్చు. రెక్కలు, పళ్ల చక్రాల చెక్క పళ్లు మొదటి నుంచీ అరిగినప్పుడల్లా మార్చుకునేవే. తిరగలి రాళ్లకు సైతం అప్పుడప్పుడు గంట్లు కొట్టించవలసిందే. మర నడిపేవారి నేర్పు మర తిరుగుతుంటేనే ఒకరి చేతి నుంచి మరొకరికి అందుతుంది. నెదర్లాండ్స్‌లోని ఆ నేర్పును యునెస్కో 2017లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది కూడా.

మూడో అభిప్రాయం: కెంట్‌లోని చిల్లెండెన్ మర 1868 నాటిది, 2003లో గాలికి కూలింది, 2005లో మళ్లీ నిలబెట్టారు. ఇప్పుడు దాని వయసు ఎంతని చెప్పాలి?

మొదటి వ్యక్తి: నా భయమూ అదే. వెనుక గాలి మాట ఒప్పుకుంటాను, కానీ అందుకు ఇంటిని గాలివైపు తిప్పితే సరిపోతుంది. రెక్కలను తిప్పడం దేనికి?

రెండో వ్యక్తి: రెక్కల దూలాలు ఇరుసు తలలోకి దూరే చోట వాన నీరు దిగుతుంది, ఒకే భంగిమలో నెలల తరబడి నిలిస్తే అక్కడే కుళ్లు మొదలవుతుంది. అప్పుడప్పుడు అరచుట్టు తిప్పినా మేలే. పిండి ఆడించాలని మాత్రం నేను పట్టుబట్టను.