ఉచిత ప్రదర్శనలకు నగర పన్ను డబ్బు పెట్టాలా? – వరంగల్ చర్చ

మట్టెవాడ మాస్టారు:

నా మాట ముందే చెబుతాను. చూసేవాళ్లకు ఉచితమైన ప్రదర్శనకు ఎవరో ఒకరు డబ్బు కడతారు. కట్టినవాళ్ల ఇష్టమే వేదిక మీద నడుస్తుంది. మన ఊళ్లో ఉచిత కార్యక్రమం అంటే ఏమిటి? ఉత్సవాల వేళ హైదరాబాద్ నుంచి వచ్చే నిధులు, లేదా ఒక నాయకుడి పుట్టినరోజు, లేదా ఒక దుకాణం ప్రచారం. ఫ్లెక్సీ మీద ఫొటో ఎవరిదో చూస్తే డబ్బు ఎక్కడిదో తెలిసిపోతుంది. ఆ ఫొటో మారితే కార్యక్రమం ఆగిపోతుంది. అందుకే నగర పాలక సంస్థ తన సొంత ఆదాయంలోంచి ఏటా ఒక చిన్న వాటాను ఉచిత ప్రదర్శనలకు విడిగా తీసిపెట్టాలని నా ప్రతిపాదన.

ఇది కొత్త కోరిక కాదు. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 12వ షెడ్యూల్‌లో పట్టణ సంస్థలకు 18 బాధ్యతలు రాశారు. రోడ్లు, నీళ్లతో పాటు పార్కులు, ఆటస్థలాలు, సాంస్కృతిక కార్యక్రమాలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. ఆస్తి పన్ను లెక్క కాస్త నిదానంగా చూడండి, అందులో గ్రంథాలయ సెస్సు కలిసి ఉంటుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం పన్నులో రూపాయికి 8 పైసలు. మూడు వేలు పన్ను ఉన్న ఇంటికి 240 రూపాయలు. ఉద్యోగ పరీక్షలకు చదువుకునే పిల్లలు జిల్లా గ్రంథాలయాల్లో ఉచితంగా కూర్చోగలగడం వెనుక ఆ పైసలున్నాయి. చదువుకునే గదికి ఇవ్వగలిగిన ఊరు, పాట వినే చెట్టు నీడకు ఒక్క పైసా ఇవ్వలేదా?

అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో 1971లో ఓటర్లు తమ ఆస్తి పన్నులో కొంత జంతుప్రదర్శనశాలకు, మ్యూజియాలకు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ఆ జంతుప్రదర్శనశాలకు ఇప్పటికీ ప్రవేశ రుసుము లేదు. డెన్వర్ ప్రాంతంలో 1988లో అమ్మకపు పన్ను మీద పది డాలర్లకు ఒక సెంటు చొప్పున ఇదే పనికి పెట్టుకున్నారు. తర్వాత కూడా ఓటు వేసి పొడిగించుకుంటూ వచ్చారు.

నయీంనగర్ నివాసి:

మాస్టారూ, మీ మీద గౌరవం ఉంది కానీ ఈ ప్రతిపాదనకు నేను ఒప్పుకోను. 2023 జూలై వానలకు నాలా పొంగి మా వీధిలోకి వచ్చిన నీళ్లు నడుము దాకా ఉన్నాయి. మంచాల మీద బియ్యం బస్తాలు, బస్తాల మీద పిల్లల పుస్తకాలు పెట్టి కాపాడుకున్నాం. ఆ రోజు నాకు కావలసింది పూడిక తీసిన నాలా. పన్ను కట్టేవాడు ముందు అడిగేది అదే.

మీరు చెప్పిన గ్రంథాలయ సెస్సే నా అభ్యంతరానికి కారణం. మన దగ్గర వసూలు చేసేది మున్సిపాలిటీలు, ఖర్చు పెట్టాల్సింది జిల్లా గ్రంథాలయ సంస్థలు. వసూలైన డబ్బు సకాలంలో అటు చేరడం లేదని, బకాయిలు పేరుకుపోయాయని రాష్ట్రమంతటా ఏళ్లుగా వింటున్నాం. చట్టంలో రేటు రాసి ఉన్న సెస్సుకే ఈ గతి పడితే, పాటల సెస్సు ఎక్కడికి చేరుతుంది? ఇంకొక మాట. సెయింట్ లూయిస్‌లో, డెన్వర్‌లో జనాన్ని అడిగి ఓటు వేయించారు. మన దగ్గర పన్ను వేసే ముందు ఎవరు అడుగుతారు?

శివనగర్ గృహిణి:

అన్నా, మా ఇంట్లోకీ నీళ్లు వచ్చాయి. అయినా నేను మాస్టారి వైపే. నాలాలు బాగయ్యేదాకా పిల్లలు పెరగకుండా ఆగరు. ఎండాకాలం సాయంత్రాలు మా ఇద్దరు పిల్లలు ఫోనుకు అతుక్కుని కూర్చుంటున్నారు. నలుగురం కలిసి సినిమాకు వెళ్లి, విరామంలో పాప్‌కార్న్ కొంటే ఆ నెల పాల బిల్లు ఖర్చైపోతుంది. బతుకమ్మ తొమ్మిది రోజులు పద్మాక్షి గుట్ట దగ్గర ఎంతమంది ఆడవాళ్లు ఉంటారో చూడండి. టికెట్ లేకుండా, ఎవరినీ అడగకుండా ఇంటి నుంచి బయటికి వచ్చి నిలబడే చోటు మాకు ఏడాదిలో అదొక్కటే. మిగతా నెలల్లో?

ఒక్కటి మాత్రం కోరుతున్నాను. ఈ డబ్బుతో ఫౌంటెన్లు, రంగు దీపాలు కొనకండి. వస్తువు కొంటే ఒకసారి బిల్లు, ఆ తర్వాత మరమ్మతుకు ఎవరూ దిక్కుండరు. మనుషులకు ఇవ్వండి.

మట్టెవాడ మాస్టారు:

నయీంనగర్ వారి రెండు ప్రశ్నలూ గట్టివే. ముందు డబ్బు ఎక్కడిదో చూద్దాం. కొత్త సెస్సు వేయాలంటే శాసనసభ దాకా వెళ్లాలి. అంత దూరం పోనక్కర లేదు. 2019 మున్సిపాలిటీల చట్టం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి తీసిపెట్టమని చెప్పింది. దానికోసం ఎవరి ఇంటి పన్నూ పెంచమనలేదు, వచ్చే ఆదాయంలోంచే వాటా తీసిపెట్టమంది. నాలాల పద్దు ముట్టుకోకుండా, హోర్డింగుల రుసుములోంచి ఒక శాతం ఇలా తీసిపెట్టినా చాలు. ఊరి గోడలనూ కూడళ్లనూ ప్రకటనలకు అద్దెకిచ్చి సంపాదించే డబ్బు అది. దానిలో కొంత ఆ కూడళ్లలో తిరిగే జనానికే ఇవ్వడం న్యాయం.

రెండో దారి కూడా ఉంది, దాని గురించి మన ఊళ్లో మాట్లాడేవాళ్లు తక్కువ. 1939 నాటి వినోదపు పన్ను చట్టం కింద సినిమా టికెట్ల మీద వచ్చే డబ్బులో పెద్ద భాగం స్థానిక సంస్థలకే చేరేది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చి రాష్ట్ర వినోదపు పన్నును కలిపేసుకుంది. కానీ రాజ్యాంగంలోని రాష్ట్ర జాబితాలో ఈ పన్నుకు చోటిచ్చిన 62వ అంశాన్ని పూర్తిగా తీసేయలేదు. పంచాయతీలు, మున్సిపాలిటీలు వేసి వసూలు చేసుకునే మేరకు వినోదపు పన్నును ఉంచారు. తమిళనాడు అదే ఏడాది దానికి చట్టం చేసుకుంది. పెద్ద టికెట్ మీద చిన్న పన్ను వేసి, టికెట్ లేని ప్రదర్శనకు ఖర్చు పెడితే వినోదం డబ్బు వినోదానికే పోతుంది.

కాజీపేట టికెట్ కౌంటర్:

నేను థియేటర్‌లో పనిచేస్తాను. తమిళనాడు కథ సగమే చెప్పారు సార్. 2017 జూలైలో అక్కడ జీఎస్టీ మీద 30 శాతం స్థానిక పన్ను అనగానే థియేటర్లు కొన్ని రోజులు మూసేశారు. తర్వాత ఆ రేటు బాగా తగ్గించాల్సి వచ్చింది. ఇప్పటికే వంద రూపాయలు దాటిన టికెట్ మీద 18 శాతం జీఎస్టీ ఉంది. ఒక్క తెర ఉన్న హాళ్లు ఒక్కొక్కటే ఫంక్షన్ హాళ్లుగా మారిపోతున్నాయి. ఉదయం ఆటకు ఇరవై మంది వచ్చినా ఏసీ వేయాలి, గేటు దగ్గర మనిషి ఉండాలి. ఇంకో పన్ను పడితే ముందు పోయేది మా జీతాలే. హోర్డింగుల డబ్బు అంటే నాకూ అభ్యంతరం లేదు. టికెట్ మాత్రం వదిలేయండి.

డోలు కళాకారుడు:

నేను రాయడంలో చేయి తిరిగినవాణ్ని కాదు, తప్పులుంటే మన్నించండి. మాది ఒగ్గుకథ బృందం. పేరున్న ఒగ్గు కళాకారుడు చుక్క సత్తయ్య గారి జనగామ పక్క ఊరు. డోలు, తాళాలు, కంజీర కలిపి ఎనిమిది మందిమి. మల్లన్న కథ మొదలైతే తెల్లవారుతుంది. మా ప్రధాన కథకుడు భుజం మీది తువ్వాలు తలకు చుట్టుకుంటే రాజు, కొంగులా వేసుకుంటే ఆ రాజు తల్లి. ఒక్క గుడ్డతో నాలుగు పాత్రలు చేస్తాడు. ఇలాంటి కథకు మైకు, చాప, రెండు బల్బులు చాలు.

మాకు పిలుపులు రాకపోలేదు. ఒక ఉత్సవానికి పిలిచి, పెద్దల ప్రసంగాలు అయ్యాక పది నిమిషాలు ఇచ్చారు. మల్లన్న పుట్టుక దాకా కూడా రాలేదు. ఆ పారితోషికం కోసం ఒక కార్యాలయం చుట్టూ నెలల తరబడి తిరిగాం. బస్సు ఖర్చులు పోను మిగిలింది పంచుకోవడానికే సిగ్గేసింది. ప్రభుత్వ పథకాల మీద పాట కట్టి పాడమంటే డబ్బు త్వరగా వస్తుంది. మల్లన్న కథ అడిగేవాళ్లు మాత్రం తక్కువ. అందుకని ఉచితం అనే మాట వింటే మాకు భయం. చూసేవాళ్లకు ఉచితం అయితే సంతోషం. ఆడేవాళ్లకు కూడా ఉచితం చేయకండి.

నయీంనగర్ నివాసి:

డోలు తమ్ముడి మాటతో నా అభ్యంతరం పోలేదు కానీ, దాని చోటు మారింది. డబ్బు ఖర్చు పెట్టడం తప్పని ఇక వాదించను. ఎవరి చేతుల మీదుగా పోతుందన్నదే నా పట్టుదల. ఒకే పెద్ద కార్యక్రమం పెట్టి, హైదరాబాద్ నుంచి గాయకులను రప్పించి, ఏడాది నిధి ఒక్క రాత్రి ఊదేయడం తేలిక. బిల్లు ఒకటే, సంతకం ఒకటే, ఫ్లెక్సీ ఒకటే. పబ్లిక్ గార్డెన్‌లో నేరెళ్ల వేణుమాధవ్ కళాప్రాంగణం ఉంది. 2024లో కాళోజీ కళాక్షేత్రం తెరిచారు. రెండూ హనుమకొండలోనే. ఉర్సుగుట్ట అవతల ఉండేవాళ్లు ఆ పన్ను కట్టి ఏం చూస్తారు? 66 డివిజన్లకూ వంతు రావాలి. డబ్బు కళాకారుడి ఖాతాలో ప్రదర్శనకు ముందే సగం పడాలి. వానాకాలంలో నాలా పనులకు కొరత వస్తే ఈ పద్దులోంచి తీసుకోరని కూడా మన వినతిపత్రంలో రాయండి. వరద పేరు చెప్పి పాట డబ్బు లాక్కుంటే ఆ సాకుతో వరద పనీ జరగదు, పాటా ఉండదు.

మట్టెవాడ మాస్టారు:

ఇవన్నీ రాస్తున్నాను. జనాన్ని అడిగేది ఎవరనే మీ పాత ప్రశ్నకు కూడా జవాబు ఉంది. 2019 చట్టం ప్రకారం ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు ఉండాలి. యువతకు ఒకటి, మహిళలకు ఒకటి, వృద్ధులకు ఒకటి, ఊరి ప్రముఖులకు ఒకటి, ఒక్కో దానిలో 15 మంది. ఓటు లేకపోయినా తీర్మానం చేసే చోటు ఉంది. ఏ బృందం రావాలో, ఏ కూడలిలో ఆడాలో మహిళల కమిటీ, యువత కమిటీ కలిసి తేల్చాలని పెడదాం. శివనగర్ అమ్మాయి అడిగిన చోటు అలాగే దొరుకుతుంది. టికెట్ పన్ను మాట తీసేస్తున్నాను, కాజీపేట వారి జీతాల మీద పాట నడవకూడదు. ప్రసంగాలు ఉండవని, వేదిక మీద ఫొటో ఉన్న ఫ్లెక్సీ కట్టరాదని మొదటి షరతు. కథకు కనీసం రెండు గంటలు ఇవ్వాలన్నది రెండోది. బడ్జెట్ లెక్కలు కట్టే కాలానికి ముందే వినతిపత్రం చేరాలి. డోలు తమ్ముడూ, మీ బృందం ఒక రాత్రికి నిజంగా ఎంత అవుతుందో, బస్సు ఖర్చు, భోజనాలతో సహా రాసి పంపండి. ఆ అంకె లేకుండా మన కాగితం బరువు తూగదు.

డోలు కళాకారుడు:

రేపటికల్లా పంపుతాను సార్. డోలుకు కొత్త తోలు వేయించే ఖర్చు కూడా కలపనా?

నయీంనగర్ నివాసి:

కలపండి తమ్ముడూ. దాన్ని విడిగా ఒక పద్దుగా చూపించండి.