మతం మాటొస్తే మర్యాద ఎందుకు పోతోంది?

ప్రశ్న:
మా బాబాయి ఫ్యామిలీ గ్రూప్‌లోంచి వెళ్లిపోయారు. మాట మొదలైంది పన్నుల మీద. మధ్యలో ఎవరో ‘నీ దేవుడు నీకు ఇదే నేర్పాడా?’ అని పెట్టారు. నేనూ ఓ వెక్కిరింపు బొమ్మ పెట్టాను, ఒప్పుకుంటాను. పావుగంటలో అంతా అయిపోయింది. రాజకీయాల్లోకి మతం రావడం వల్లే ఇలా తయారయ్యామా?

జవాబు 1:
ఒకప్పుడు అందరూ మర్యాదస్తులే అన్నది భ్రమండీ. 1856లో అమెరికా సెనేట్ హాల్లోనే సెనేటర్ చార్లెస్ సమ్నర్‌ను ప్రతినిధుల సభ సభ్యుడొకడు చేతికర్రతో స్పృహ తప్పేలా కొట్టాడు. గొడవ బానిసత్వం మీద. సమ్నర్ కోలుకుని సభకు రావడానికి మూడేళ్లకు పైనే పట్టింది. కొట్టినాయనకు అభిమానులు కొత్త కర్రలు పంపించారు! అప్పటి లైకులన్నమాట.

జవాబు 2:
మతాన్ని పూర్తిగా బయట పెడితే అమెరికాలో నల్లవారి హక్కుల కోసం పోరాడిన మార్టిన్ లూథర్ కింగ్‌నీ బయట పెట్టాలి, ఆయన పాస్టరే. 1963లో బర్మింగ్‌హామ్ జైలు నుంచి, తనను తప్పుబట్టిన మతపెద్దలకే ఉత్తరం రాశాడు. వాళ్లు సదుద్దేశం ఉన్నవాళ్లేనని మొదట్లోనే ఒప్పుకున్నాడు. ఆ తర్వాత ఒక్కో మాటకీ గట్టిగా జవాబిచ్చాడు. మతం ఉంది, తిట్టు లేదు.

జవాబు 3:
పన్ను మీదైతే బేరమాడొచ్చు, పది కాకపోతే ఎనిమిది. దేవుడి మీద బేరం కుదరదు. పన్నుకి జవాబు లేని నాయకుడికి మాట దేవుడి మీదకి మళ్లడమే కావాలి.

ప్రశ్న అడిగినవారు:
బాబాయికి ఫోన్ చేశాను. బొమ్మకి సారీ చెప్పాను. ‘సరేలేరా, కానీ ఆ పన్ను లెక్క మాత్రం నువ్వు చెప్పింది తప్పే’ అన్నారు. గంటసేపు వాదించుకున్నాం.