భవనాశి బండల చేపకూ మంచుయుగానికీ ఏం సంబంధం?

నంద్యాల పిల్లోడు:
మొన్న అహోబిలం పోయి భవనాశి వాగులో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే, వేలంత చేప ఒకటి అంత వడిలోనూ బండకు అతుక్కుని కదలకుండా ఉంది. చేయి పెడితే జర్రున జారి పక్క బండకు పట్టుకుంది. మా బావ అది గర్రా అని, వీటి తాతలు మంచుయుగంలో అస్సాం వైపు నుంచి వచ్చాయని చెప్పి పులిహోర పొట్లం విప్పుకున్నాడు. మన ఎండల్లో మంచేంది సామీ?

గుండ్రాయి:
మంచు ఇక్కడ పడలేదప్పా. మీ బావ అన్న మంచుయుగం ప్లీస్టోసీన్, అంటే సుమారు 25.8 లక్షల ఏళ్ల కిందట మొదలై 11,700 ఏళ్ల కిందట ముగిసిన కాలం, అందులో చలి ఎన్నోసార్లు ముదిరింది, తగ్గింది, దాంతో వానలూ మారాయి. మీ బావది సుందర్ లాల్ హోరా అనే చేపల శాస్త్రవేత్త 1940ల్లో చెప్పిన మాట. ఈశాన్య కొండల వాగుల్లోని చేపలకు పడమటి కనుమల్లో దగ్గరి చుట్టాలు ఉన్నాయి, మధ్యలో లేవు. మరి ఎట్లా వచ్చాయి? అప్పట్లో వింధ్య, సాత్పురా కొండలు బాగా తడిగా ఉండి, వాగు నుంచి వాగుకు దారి ఇచ్చాయని ఆయన ఊహ. నువ్వు చూసింది గర్రానే అయితే, గడ్డం కింద గుండ్రటి మెత్తటి బిళ్ల ఉంటుంది, పట్టంతా దాంతోనే.

జుర్రేరు గట్టు:
ఊహ బాగుంది, కానీ గర్రాను సాక్ష్యంగా తెస్తే నేను ఒప్పుకోను. ఆ జాతి అరేబియాలో, ఆఫ్రికాలో కూడా ఉంది, అంతా సాత్పురా మీదుగానే పోయిందా? పైగా ఆ దారిలో మేఘాలయలోని గారో కొండలకూ జార్ఖండ్‌లోని రాజమహల్ కొండలకూ నడుమ గంగ, బ్రహ్మపుత్రల ఒండ్రు మైదానం, అక్కడ అతుక్కోడానికి బండ ఏది? చలి బాగా ముదిరినప్పుడు మన రుతుపవనాలు బలపడలేదు, తగ్గాయి. డీఎన్‌ఏ చూసినవాళ్లు కూడా ఇట్లా విడిపోయిన కొన్ని జీవులు ప్లీస్టోసీన్ కన్నా చాలా ముందే వేరయ్యాయని లెక్క తేల్చారు.

ఆ కాలం గుర్తు కావాలంటే బనగానపల్లె దగ్గర జ్వాలాపురం పోండి. సుమారు 74,000 ఏళ్ల కిందట ఇండోనేషియాలో టోబా అగ్నిపర్వతం పేలితే ఎగిరొచ్చిన బూడిద అక్కడి మట్టిలో తెల్లగా కనబడుతుంది, చేత్తో నలిపితే పిండే.

నంద్యాల పిల్లోడు:
బావకు చదివి వినిపించా. "సిద్ధాంతం హోరాది, నాది కాదు" అంటున్నాడు! జుర్రేరు అన్నా, జ్వాలాపురానికి బైక్ పోతుందా, నడవాలా?

జుర్రేరు గట్టు:
ఊరిదాకా బైకే. బూడిద కనబడే గుంతల దగ్గర జాగ్రత్త, అంచులు విరిగిపడతాయి.