సావర్ణ్యమా, సౌవర్ణమా?

పసుపుకొమ్ము: పెద్దలకు నమస్కారం. యుద్ధకాండలో జాంబవంతుడు హనుమను తెమ్మన్న నాలుగు మూలికల శ్లోకం, “మృతసంజీవనీం చైవ విశల్యకరణీమపి”… ఆపైన గొంతులోనే ఆగిపోయింది. వెన్నుపాము దెబ్బతిన్న ఎలుకలకు పసుపులోని కర్క్యుమిన్ ఇచ్చి చూసే ప్రయోగాల మీద వ్యాసం తెలుగు చేస్తున్నా. శీర్షికలో “సంధానకరణి”, అంటే తెగింది అతికించేది, అని వాడొచ్చా?

మాస్టారు: “సావర్ణ్యకరణీం చైవ సంధానీం చ మహౌషధీమ్”. సంధానీ అమ్మా, సంధానకరణి కాదు.

తెనాలి రామం: మాస్టారూ, మా పుస్తకంలో “సౌవర్ణకరణీం”.

మాస్టారు: గాయం మానిన చోట చర్మం పక్కచర్మంతో సమానవర్ణానికి రావాలి, అది సావర్ణ్యం. సువర్ణంతో ఏం పని?

తెనాలి రామం: పని ఉంది. బంగారు రంగు మూలిక అంటే పసుపే! ఎనిమిది అక్షరాలూ రెండు పాఠాల్లోనూ సరిపోతాయి, ఛందస్సు మీవైపే ఏం లేదు.

నిజామాబాద్ బిడ్డ: పసుపు కోసం కైలాసం పక్కకు ఎగురుడు ఎందుకన్నా? మా యార్డుకొస్తే బస్తాలకు బస్తాలు.

ఫిజియో బాబాయి: చెల్లెమ్మా, శీర్షికలో సంధానం వద్దు. దెబ్బ పడ్డ క్షణంలో తెగిన నరాలు వేరు. తరవాత గంటల్లో, రోజుల్లో రేగే వాపు, అదే ఇన్‌ఫ్లమేషన్, పక్కనున్న మంచి కణాల్నీ తినేస్తుంది. కర్క్యుమిన్‌ను పరీక్షించేది ఈ రెండో నష్టం మీద, కణాల్లో ఆ వాపును రేపే ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే ప్రోటీన్ దూకుడు తగ్గుతుందా అని. తెగింది అతకడం కాదు. నడక ఎంత కోలుకుందో తేల్చడానికి ఎలుకను ఖాళీ తొట్టిలో వదిలి నాలుగు నిమిషాలు ఇద్దరు చూస్తారు, 0 నుంచి 21 దాకా మార్కులు. చీలమండ కదిలిందా, పాదం సాఫీగా ఆనిందా. 21 రావాలంటే తోక కూడా పైకి లేచే ఉండాలి. మనుషులకు మందుగా ఇంకా నిలవలేదు, ఆ ముక్క తప్పక రాయి.

మాస్టారు: వాపు అంటావేమయ్యా? శోథ అనాలి.

ఫిజియో బాబాయి: శోథ అంటే నా పేషెంట్లు శోధన అనుకుంటారండీ.

కందపద్యం: మొల్ల ఎప్పుడో చెప్పేసింది. తేనె సోకగానే నోరు తీయనైనట్టు అర్థం తోచాలి, గూఢశబ్దాలు కూర్చిన కావ్యం “మూగచెవిటివారి ముచ్చట” అని. ఆమె రామాయణం చదువుతుంటే నిఘంటువు ఎంత తక్కువ పట్టుకుంటామో గమనించారా?

మాస్టారు: గమనించకేం, రెండుసార్లు పాఠం చెప్పాను. ఆ ఆటవెలదిలోనే గూఢశబ్దం అనే సంస్కృత సమాసం ఉంది.

నిజామాబాద్ బిడ్డ: మంట అంటే సరిపోదా?

కందపద్యం: ఎర్రదనం, వేడి, వాపు, నొప్పి, అన్నీ కలిపి ఒక మాట కావాలి. మంట వేడి దగ్గరే ఆగిపోతుంది.

తెనాలి రామం: పసుపు గాయం మాన్పుతుందని 1995లో అమెరికాలో పేటెంట్ తీసుకుంటే, మన ప్రభుత్వ శాస్త్ర పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్ పాత సంస్కృత, ఉర్దూ, హిందీ పుస్తకాలు చూపించి 1997లో రద్దు చేయించింది. కాబట్టి సౌవర్ణకరణి అంటే పసుపే.

మాస్టారు: “కాబట్టి” ఎక్కడి నుంచి ఊడిపడింది రామం?

పసుపుకొమ్ము: శీర్షిక “పసుపూ, వెన్నుపామూ” అని పంపేశానండీ. ఎడిటర్ గారు పాము బొమ్మ వేయించారు. ఇంతకీ మా తాతగారి ప్రతి తీసి చూశాను. అచ్చులో “సావర్ణ్య” ఉంది. పెన్సిల్‌తో దాన్ని కొట్టేసి పక్కన “సౌ” రాశారు, మళ్ళీ ఆ “సౌ”నీ కొట్టేశారు.