పండు ఈగ మీదికి దగ్గరి జాతి మగ ఈగలను వదలొచ్చా?

ప్రశ్న (దామలచెరువు దగ్గర మామిడి రైతు):
అన్నా, నాకు ఒక ఎకరం బేనీషా ఉంది. పోయినేడాది కాయ బయటికి నిగనిగలాడింది, కోస్తే టెంక చుట్టూ తెల్ల పురుగులు. వేరే జాతి మగ ఈగలను వదిలితే పుట్టేవి గొడ్డుపోతాయట. మన తోటలో కుదురుతుందా?

జవాబు:
గుర్రానికీ గాడిదకూ పుట్టిన కంచర గాడిదకు పిల్లలు పుట్టవు కదా, ఇదీ అంతే తమ్ముడూ. 1940లలో వాండర్‌ప్లాంక్ అనే ఆయన ఇప్పటి టాంజానియాలో, రక్తం తాగే సెట్సీ ఈగల మీద చేసి చూశాడు. ఒక జాతి ఉన్నచోట దాని దగ్గరి జాతిని పెద్ద ఎత్తున వదిలాడు. రెండూ జతకట్టాయి, సంతతి సాగలేదు, పాత జాతి పడిపోయింది. వదిలిన జాతికి ఆ పొడి నేల సరిపడక అదీ నిలవలేదు. మనకు ఆ వెసులుబాటు లేదు. ఎర బుట్టలో పడే పండు ఈగ జాతులు డార్సాలిస్, జొనాటా, కరెక్టా మూడూ మామిడిని పాడుచేసేవే. ఒకదాన్ని తగ్గించడానికి ఇంకోదాన్ని తెచ్చి వదలమని నేను చచ్చినా చెప్పను.

1972లో లాస్టర్ అనే శాస్త్రవేత్త చూపించింది మాత్రం అద్భుతం. మన శనగపచ్చ పురుగుకు చుట్టమైన పొగాకు మొగ్గ పురుగు మగదాన్ని మరో దగ్గరి జాతి ఆడదానితో కలిపితే కొడుకులు గొడ్డు, కూతుళ్లు మామూలుగానే గుడ్లు పెట్టాయి. ఆ కూతుళ్లను మళ్లీ పొగాకు పురుగు మగవాటితోనే కలిపినా కొడుకులు గొడ్డే. తల్లి వైపు నుంచి ఆ గొడ్డుతనం తరాలపాటు దిగుతూనే ఉంటుంది. పండు ఈగకు అలాంటి జోడీ మన చేతిలో లేదు.

ప్రశ్న:
మరి రేడియేషన్ పెట్టిన మగ ఈగలు?

జవాబు:
అవి అదే జాతివి, రేడియేషన్‌తో గొడ్డుగా చేసి వదిలేవి. జపాన్ వాళ్లు ఒకినావా దీవుల్లో పుచ్చ ఈగను అలాగే 1993 నాటికి తుడిచిపెట్టారు. కానీ అందుకు ఈగలను పెంచే ఫ్యాక్టరీ కావాలి, ఏళ్ల తరబడి వదులుతూ పోవాలి, చుట్టూ సముద్రం ఉండటం కలిసొచ్చింది. నీ ఎకరంలో వదిలితే, పక్క తోటలో జతకట్టిన ఆడ ఈగ గట్టు దాటి వచ్చి గుడ్లు పెట్టిపోతుంది.

ఇంకో రైతు:
నేను మిథైల్ యూజినాల్ (మగ ఈగలను వాసనతో లాగే ఎర మందు) బుట్టలు కట్టాను. గుప్పెళ్ల కొద్దీ పడ్డాయి, అయినా పురుగు తగ్గలేదు.

జవాబు:
పడినవన్నీ మగవే అన్నా. కాయను పొడిచేది ఆడది. మిగిలిన ఒక్క మగ ఈగ చాలా ఆడవాటితో జతకట్టగలదు. అందుకే కాయ ముదరకముందే, చుట్టుపక్కల తోటల వాళ్లందరూ ఒకేసారి కట్టాలి. కాయ మీద సూదితో గుచ్చినట్టు చుక్క, దాని నుంచి జిగురు కారుతుంటే అది పొడిచిన కాయే. రాలిన కాయను చెట్టు కింద వదలొద్దు. పురుగు అందులోంచి మట్టిలోకి దిగి కోశస్థమవుతుంది, అంటే గూడులో ఉండి ఈగగా మారుతుంది. ఏ రోజువి ఆ రోజు ఏరి, ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి ఎండలో పడేయండి. పాదుల్లో పైమట్టి తిరగేయండి.

మొదటి రైతు:
రాలిన కాయల్ని ఇన్నాళ్లూ గట్టు పక్క గుంటలోనే పోశాను అన్నా. రేపు పొద్దున్నే సంచులు తెస్తా, పక్క తోట పెద్దాయనతోనూ మాట్లాడతా.